726 కాదు, 762

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చిన్న రైళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. అచ్చులో అంకె కనబడితే కళ్లు ముందు దాని మీదే వాలతాయి. ఎర్ర సిరా పెన్ను ఇప్పటికీ బల్ల సొరుగులోనే ఉంది. వ్యాసం చదవడం పూర్తయ్యేసరికి మీ పత్రిక మా బడి జవాబుపత్రంలా తయారైంది.

ముందు తప్పులు చెబుతాను. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా ఒకప్పుడు నడిచిన మా చిన్న లైనులో పట్టాల మధ్య దూరం 726 మిల్లీమీటర్లని వేశారు. 762 అండీ. రెండున్నర అడుగులు. అడుగుకు 304.8 చొప్పున ఎవరైనా గుణించి చూసుకోవచ్చు. ఇది అచ్చుతప్పే అనుకుని సగం మార్కు వేస్తాను. ఊటీ రైలును నారోగేజ్, అంటే ఇరుకు పట్టాల జాబితాలో చేర్చడం మాత్రం అచ్చుతప్పు కాదు. అది మీటర్‌గేజ్, పేరులోనే ఉంది లెక్క, 1000 మిల్లీమీటర్లు. డార్జిలింగ్ రైలుది 610, సిమ్లా రైలుది 762. ఇక ట్రాములన్నీ ఇరుకు పట్టాల మీదే నడుస్తాయన్నట్టు ఒక వాక్యం రాశారు. కలకత్తా ట్రాము పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు ఉంటుంది, ఊటీ రైలు పట్టాల కన్నా మూర దాకా ఎక్కువ. ట్రాము సన్నగా కనిపిస్తుంది కాబట్టి దాని పట్టాలూ సన్నగా ఉంటాయనుకున్నారేమో.

ఇవి దిద్దుకోగలిగిన తప్పులు. నాకు ఎక్కువ కష్టం కలిగించింది వ్యాసం మొదటి పేరాలోనే ఉంది. మా రైలును ‘బొమ్మ రైలు’ అన్నారు. నడుస్తున్న రైలు దిగి, తాటిపండు ఏరుకుని, మళ్లీ ఎక్కేవారట! ఈ తాటిపండు కథ నేను కనీసం పది చోట్ల చదివాను. ఒక చోట అది జామకాయ, ఇంకో చోట మామిడికాయ. 1981 నుంచి 1989 దాకా, సెలవులు పోను, ఎనిమిదేళ్లు రోజూ ఉదయం టెక్కలిలో ఎక్కి పాతపట్నంలో దిగాను, సాయంత్రం తిరుగు బండిలో వచ్చాను. ఆ ఎనిమిదేళ్లలో అలా దిగి ఎక్కబోయిన వీరుణ్ణి ఒక్కణ్ణి చూశాను. కొత్తగా పెళ్లయిన కుర్రాడు, పెట్టెలో భార్య, మరదళ్లు చూస్తున్నారు. దిగడం బాగానే దిగాడు. ఎక్కేటప్పుడు చెయ్యి జారి కంకర మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. గార్డుగారు బండి ఆపించి, అతన్ని ఎక్కించి, పాతపట్నం దాకా తిడుతూనే ఉన్నారు. ఇంత పెద్ద రైలు ఎక్కడానికి నిచ్చెన కావాలిరా నీకు అని ఒక ముసలమ్మ అంటే పెట్టెంతా నవ్వింది. ఆ మాట కూడా రాయండి, తాటిపండుతో పాటు.

నిదానంగా నడిచేదన్నది నిజమే. టెక్కలి నుంచి పాతపట్నం సుమారు ముప్పై కిలోమీటర్లు, గంటన్నర పైనే పట్టేది. అయితే అందులో కూర్చున్నవాళ్లెవరూ సరదాకి కూర్చోలేదు. నా ఎదుటి బల్ల మీద గుణుపురం వైపు నుంచి చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెచ్చి అమ్ముకుని వెళ్లే సవర గిరిజన ఆడవాళ్లు ఉండేవారు. మూటలు కాళ్ల దగ్గర, పిల్లలు మూటల మీద. నౌపడ ఉప్పు బస్తాలు పైకి వెళ్లేవి, కొండ సరుకు కిందికి వచ్చేది. పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, కొంగబొమ్మలు చేసే వాళ్లు గోనెపట్టాలో చుట్టిన సరుకును పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకునేవారు. కోర్టు పనికి, ఆసుపత్రికి, సంబంధం చూడటానికి, చావు కబురు చెప్పటానికి, అన్నిటికీ ఆ ఒక్క బండే. అది బొమ్మ అయితే మేమంతా ఎవరం?

ఇరుకు పట్టాలు ఎందుకు వేశారో కూడా వ్యాసంలో లేదు. ముద్దుగా ఉంటుందని ఎవరూ వేయలేదు. పట్టాలు దగ్గరగా ఉంటే మలుపు బిగువుగా తిప్పవచ్చు, కొండను తక్కువ తవ్వవచ్చు, కట్ట వెడల్పు తగ్గుతుంది, వంతెన తేలికవుతుంది, ఇనుము తక్కువ పడుతుంది. ఖర్చు లెక్క తప్ప ఇందులో మురిపెం ఏమీ లేదు. పర్లాకిమిడి రాజావారు తమ రాజధానికి, నౌపడలో ఉన్న పెద్ద లైనుకు మధ్య 40 కిలోమీటర్లు కలపదలచుకున్నారు. 1898లో అనుమతి వచ్చింది, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. ఖర్చు 7 లక్షల రూపాయలు. ఏప్రిల్ ఒకటిన మొదలైన బండి మొదటి పదేళ్లు రాజావారికి నష్టాలే మిగిల్చింది. ఆ తరువాత కాస్త లాభం చూసింది, 1924–25 నుంచి గట్టిగా నిలదొక్కుకుంది. ఆ ధైర్యంతోనే 1929లో కొంత, 1931లో మిగతాది కలిపి లైనును గుణుపురం దాకా పొడిగించారు. సిమ్లా రైలు మొదలైంది 1903లో. పట్టాల వెడల్పు ఒకటే, వయసులో మాది మూడేళ్లు పెద్దది. సిమ్లాకు మీరు అరపేజీ ఇచ్చారు, మాకు నాలుగు వరుసలు, అందులోనూ అంకె తప్పు.

ఈ రెండున్నర అడుగుల కొలతకు మన దేశంలో గట్టి పునాది వేసింది మహారాష్ట్రలోని బార్సీ లైను. 1897లో ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంజనీరు దాన్ని నిర్మించాడు. ఆయన లెక్క నాకు ఎంతో నచ్చింది. ఇంజను కానీ, పెట్టె కానీ, ఏ ఇరుసు మీదా 5 టన్నులకు మించి బరువు పడకూడదన్నాడు. బరువు అన్ని ఇరుసులకూ సమంగా పంచితే తేలిక పట్టాల మీద కూడా బరువైన సరుకు లాగవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలకు సగటు పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉందా? ఇది అప్పట్లో నాకు తెలియకపోవడం నా దురదృష్టం.

నాకు తెలిసిన విధంగా నేనూ చెప్పాను లెండి. పుస్తకంలో రైలు లెక్కలన్నీ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో ఉండేవి. మా పిల్లలు నమ్మేవారు కాదు. "అంత జోరుగా రైలు పోదు టీచర్" అని ఒకడు లేచి నిలబడ్డాడు. సరే అని నేనే రాసిచ్చాను: 60 మీటర్ల పొడవున్న మన రైలు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక తాటిచెట్టును దాటడానికి ఎంత సేపు పడుతుంది? జవాబు 12 సెకన్లు. మర్నాడు నలుగురు పిల్లలు టెంబూరు దగ్గర కట్ట పక్కన కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టి వచ్చారు. పదిహేడు వచ్చింది టీచర్, మీ లెక్క తప్పు అన్నారు. నా లెక్క తప్పు కాదు, ఆ రోజు బండి ఇంకా నెమ్మదిగా నడిచింది. వేగమెంతో మీరే కట్టి తీసుకురండి అన్నాను. తెచ్చారు. గంటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల మధ్య.

ఇప్పుడు మీ వ్యాసం ముగింపు సంగతి. బ్రాడ్‌గేజ్ అనే పెద్ద లైను వేసి అందమైన రైలును చంపేశారని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లు నాకు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను. 1987లో మా అత్తగారికి కడుపులో పుండు ముదిరి విశాఖపట్నం తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆవిడ ఉండేది పాతపట్నంలో. చిన్న రైల్లో నౌపడ దాకా పడుకోబెట్టి తెచ్చాం. అక్కడ దిగి పెద్ద రైలు ప్లాట్‌ఫారానికి మారాలి. 762 మిల్లీమీటర్ల పట్టాల మీది పెట్టె 1676 మిల్లీమీటర్ల పట్టాల మీదికి ఎక్కదు కదా. మనిషైనా, మూటైనా, ఉప్పు బస్తా అయినా అక్కడ దిగి తీరాలి. చీకటి పడింది, సన్నగా వాన. మావారు అటూ ఇటూ పరుగెడుతున్నారు. బస్తాలు మారుస్తున్న కలాసీలు ఇద్దరు మా వైపు చూసి, పని వదిలి, ఒక కుర్చీ తెచ్చి, అందులో ఆవిణ్ణి కూర్చోబెట్టి, పట్టాలు దాటించి పెద్ద రైల్లో పడుకోబెట్టారు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. "బస్తా అయితే లెక్క, అమ్మకు లెక్కేటి" అన్నాడు అందులో ఒకాయన. వాళ్ల పేర్లు అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిన్న రైళ్లు ఓడిపోయిన చోటు అదేనండీ, కొండలూ కాదు మలుపులూ కాదు, నౌపడ లాంటి జంక్షన్లు. కట్టేటప్పుడు మిగిలిన డబ్బంతా ఏళ్ల తరబడి బస్తాలు దించి ఎక్కించడానికి ఖర్చవుతుంది. లారీలు వచ్చాక సరుకు ఇంటి గుమ్మంలో ఎక్కి కొట్టు గుమ్మంలో దిగేది. నౌపడలో ఆ బస్తాను మోసే బాధ ఎవరికి కావాలి? 2002 సెప్టెంబరు 27న నౌపడలో పెద్ద లైనుకు శంకుస్థాపన చేశారు. 2004 జూన్ 9న చిన్న బండ్లు ఆగాయి. పర్లాకిమిడి దాకా పెద్ద రైలు 2010 ఆగస్టులో, గుణుపురం దాకా 2011 ఆగస్టులో వచ్చింది. ఆరేడేళ్లు ఏ రైలూ లేక మేము బస్సుల్లో నలిగాం, దాని మీద మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఇవాళ గుణుపురంలో ఎక్కినవాళ్లు విశాఖపట్నంలో దిగవచ్చు. మా అత్తగారు ఉంటే ఈ రైలుకు దండం పెట్టేవారు.

నాకు జాలి లేదని అనుకోకండి. ఆగిపోవడం మీద ఫిర్యాదు లేదు, మరిచిపోవడం మీద ఉంది. ఆ తేడా నాకు దేశం కాని దేశంలో అర్థమైంది.

2017లో రిటైరై, ఆ డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఊళ్లో ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదని ఒక ఆదివారం అల్లుడు పఫింగ్ బిల్లీ అనే రైలుకు తీసుకెళ్లాడు. ముందు ట్రామెక్కాం. తరువాత నగరం రైలెక్కి బెల్‌గ్రేవ్ అనే చివరి స్టేషనులో దిగాం. అక్కడి నుంచి చిన్న రైలు. నేను అల్లుణ్ణి కొలతలు అడిగాను, అతను ఫోనులో చూసి చెప్పాడు. ట్రాము 1435, నగరం రైలు 1600, ఈ చిన్నది 762. మూడు గంటల్లో మూడు కొలతల పట్టాలు! 762 అనగానే నాకు ఒళ్లు జలదరించింది. ఎప్పుడు మొదలైందో చూడు బాబూ అన్నాను. 1900 డిసెంబరు. మాది అదే సంవత్సరం ఏప్రిల్. ఎనిమిది నెలలు పెద్దక్క మా బండి.

పొగ వాసన, ఇంజను దమ్ము తీసుకునే చప్పుడు, మలుపులో కిటికీ లోంచి ఇంజను కనబడటం, అన్నీ అవే. ఒక వాగు మీద కర్రల వంతెన దాటించారు. పిల్లలు పెట్టె అంచున కూర్చుని కాళ్లు బయటికి వేలాడేశారు. మా గార్డుగారు చూస్తే వాళ్ల తాతల దాకా తిట్టి ఉండేవారు. మా మనవడు నా మొహం చూసి "అమ్మమ్మా, ఏడుస్తున్నావా?" అన్నాడు. బొగ్గు నలుసు పడిందన్నాను. అదీ నిజమే.

టిక్కెట్లు చూడటానికి ఒక పెద్దాయన వచ్చాడు. నల్ల కోటు, టోపీ. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడట, వారానికి ఒక రోజు వచ్చి జీతం లేకుండా ఈ పని చేస్తాడట. ఇంజను తుడిచేవాళ్లు, పట్టాలు సరిచేసేవాళ్లు, టీ అమ్మేవాళ్లు, వందల మంది అలా వచ్చేవాళ్లేనట. 1953లో కొండచరియ విరిగి లైను మీద పడింది, మరుసటి ఏడు ప్రభుత్వం మూసేసింది. జనం సంఘం పెట్టుకుని, సైన్యం సాయంతో పక్కదారి వేసుకుని, 1962లో కొంత దూరం మళ్లీ నడిపారు. చివరి ఊరు గెంబ్రూక్ దాకా రావడానికి 1998 అయింది. ముప్పై ఆరేళ్లు! నా సర్వీసు అంత.

నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. బెల్‌గ్రేవ్ దాకా మేమెక్కి వచ్చిన నగరం రైలు ఉందే, ఒకప్పుడు దాని చివరి కొంత దూరంలోనూ ఈ చిన్న పట్టాలే ఉండేవి. వాటిని తీసి పెద్ద లైను, కరెంటు రైలు వేశారు, అది కూడా 1962లోనే. పనికి వెళ్లేవాళ్లకు పెద్ద రైలు ఇచ్చారు, దాని చివర నుంచి చిన్న రైలును ఉంచుకున్నారు. ఒకదాని కోసం ఇంకోదాన్ని తిట్టుకోలేదు.

పెద్దాయనకు నా ఇంగ్లీషు, నాకు ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రమే. మధ్యలో మా అమ్మాయి. మా ఊళ్లోనూ ఇదే కొలత, ఇదే ఏడు అని చెప్పించాను. ఆయన టోపీ తీశాడు. మీ ఇంజన్ల మీద పనిచేసినవాళ్లు ఏమంటారు, వాళ్ల మాటలు ఎవరైనా రాసి పెట్టారా అని అడిగాడు. నేను కొండ చూస్తున్నట్టు నటించాను.

తిరిగి వచ్చాక ఈ చిన్న రైళ్ల గురించి దొరికిందల్లా చదివాను. వేల్స్‌లో ఫెస్టినియోగ్ అనే లైను 1836లో మొదలైందట, పలకరాయి మోయడానికి. రెండడుగుల కన్నా కాస్త తక్కువ వెడల్పు. రాతి పెట్టెలు వాలు మీద వాటంతటవే సముద్రం దాకా జారిపోయేవి. ఖాళీ పెట్టెల్ని పైకి లాగడానికి గుర్రాలు కావాలి కదా, అందుకని ఆ గుర్రాలనూ ఒక పెట్టెలో ఎక్కించి కిందికి తెచ్చేవారు. గడ్డి మేస్తూ రైల్లో ప్రయాణం చేసే గుర్రం! ఇది మా బడి పిల్లలకు చెప్పి ఉంటే గురుత్వాకర్షణ పాఠం జన్మలో మరిచిపోయేవారు కాదు. 1863లో అక్కడ ఆవిరి ఇంజన్లు పెట్టారు. అంత ఇరుకు పట్టాల మీద ఇంజను నిలవదన్నవాళ్లందరి నోళ్లూ అప్పుడు మూతపడ్డాయి. ఆ గుర్రాల సంగతి మనకు ఇవాళ తెలుస్తోందంటే అప్పటివాళ్లు రాసి పెట్టారు కాబట్టి.

మాకు అలాంటి రాత తక్కువ. పర్లాకిమిడి గిడుగు రామమూర్తిగారు ఉన్న ఊరు. సవరల మాటను ఊరూరా తిరిగి రాసుకున్న మనిషి. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి లైను గుణుపురం దాకా ఉంది. సామానుతో మా చిన్న రైలెక్కే నౌపడ వచ్చి ఉంటారని నా ఊహ, రుజువు అడగవద్దు. ఆయన ఉండి ఉంటే గార్డులు, ఫైర్‌మన్లు ఏ పనిముట్టును ఏమనేవారో మొత్తం రాసి పెట్టేవారు. ఆవిరి ఇంజన్లు తొంభైల మొదట్లో వెళ్లిపోయి డీజిల్ వచ్చింది. అంటే బొగ్గు వేసిన చేతులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవి. టెక్కలి బజారులో అలాంటి ఒకాయన నాకు ఇప్పటికీ కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులు, మాట మాత్రం గట్టిది. వానాకాలం తడి పట్టాల మీద చక్రాలు ఊరికే తిరిగిపోతుంటే ముందు నడుస్తూ పట్టాల మీద ఇసుక చల్లిన రోజులు ఆయన చెబుతుంటే టీ చల్లారిపోతుంది.

కాబట్టి నా విన్నపం ఇదీ. విలేకరి ఒకరిని టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి పంపండి. రెండు రోజులు చాలదు, వారం కావాలి. తెలుగుతో పాటు కాస్త ఒడియా, వీలైతే సవర వచ్చినవాళ్లయితే మరీ మంచిది. ఇంజను డ్రైవర్లను, గ్యాంగ్‌మన్లను, గేటు కాసినవాళ్లను, నౌపడలో బస్తాకు ఎంత కూలి పుచ్చుకునేవారో చెప్పగలిగిన కలాసీలను కూర్చోబెట్టి అడగమనండి. బొగ్గు ఎంత వేసేవారు, నీళ్లు ఎక్కడ పట్టేవారు, పండగ రోజు బండిలో ఎంతమందిని కుక్కేవారు, ఆఖరి రోజు ఎవరు నడిపారు. తాటిపండు సంగతి మాత్రం అడగవద్దు, ఉత్సాహం కొద్దీ వాళ్లు కూడా అవునంటారు. 1987లో ఒక వాన రాత్రి కుర్చీలో ఒక ముసలమ్మను పెద్ద రైలెక్కించిన ఇద్దరు కలాసీలు ఎవరో తెలిస్తే నాకు ఒక ఉత్తరం ముక్క రాయమనండి. వచ్చిన విలేకరికి మా ఇంట్లో భోజనం, ఆ టెక్కలి పెద్దాయన ఇంటికి దారి, రెండూ నా పూచీ.

ఈ ఉత్తరం వేస్తే, అచ్చుకు వెళ్లే ముందు అంకె ఒకసారి సరిచూడండి. ఏడు, ఆరు, రెండు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా